ఆక్టోపస్, స్క్విడ్ బొమ్మలు గీస్తూ సముద్ర జీవశాస్త్రం చెప్పడం ఎలా?

చాలా ఆక్టోపస్ బొమ్మల్లో కళ్ల కింద ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి మూతి ఒకటి కనిపిస్తుంది. అసలది మూతే కాదు, నీళ్లు బయటికి చిమ్మే గొట్టం. నోరు ఎనిమిది చేతులూ కలిసేచోట, అడుగున ఉంటుంది. మామూలుగా బయటికి కనబడదు. పైన బెలూన్‌లా ఉబ్బి ఉండేదాన్ని తల అనుకుని దాని మధ్యలో కళ్లు పెట్టేస్తారు. అది మూడు గుండెలు, మొప్పలు, జీర్ణాశయం, సిరా సంచి అన్నిటినీ లోపల దాచుకున్న కండర సంచి. మన పాఠ్యపుస్తకాలు దాన్ని ప్రావారం అంటాయి. కళ్లుండే అసలు తల ప్రావారానికీ చేతులకీ నడుమ ఇరుకుగా ఉంటుంది. గీసేవాళ్లు ఈ రెండు తప్పులూ దిద్దుకుంటే చాలు, పక్కన ఒక్క ముక్క రాయకపోయినా చూసినవాళ్లకి ఈ జంతువు ఒంటి నిర్మాణం తెలిసిపోతుంది. బొమ్మతో పాఠం చెప్పడమంటే ముందు ఇదే.

చెప్పేది ఒక్కటే పెట్టుకోండి

పెన్సిల్ పట్టకముందే ఈ బొమ్మ ఏం చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ఒక బొమ్మకి ఒక్క విషయమే. "ఆక్టోపస్ గురించి అన్నీ" అని మొదలుపెడితే పదిహేను లేబుళ్లు, నాలుగు రంగుల బాణాలు చేరి, ఫోన్‌లో చూసేవాడు వేలితో పైకి తోసేస్తాడు. విషయాలకి కొరత లేదు. మూడు గుండెల్లో రెండు మొప్పలకి, ఒకటి మిగతా ఒంటికి రక్తం పంపుతాయి; ఈదేటప్పుడు ఆ మూడోది ఆగుతుంది, అందుకే ఆక్టోపస్ ఈదడం కంటే పాకడానికే మొగ్గుతుంది. ఇది ఒక బొమ్మ. ఆహారనాళం మెదడు మధ్యలోంచి దూరి పోతుంది, పెద్ద ముక్క మింగితే మెదడుకే ఇబ్బంది. ఇది ఇంకో బొమ్మ. కాలిఫోర్నియా తీరంలో మాంటెరే దగ్గర లోతు సముద్రంలో గ్రానెలెడోన్ జాతి ఆక్టోపస్ తల్లి ఒకటి 2007 నుంచి 2011 దాకా 53 నెలలు గుడ్లని అంటిపెట్టుకుని ఉండడం పరిశోధకులు చూశారు. దీన్ని నాలుగు గడుల వరుసబొమ్మగా వేయొచ్చు: గడి మారేకొద్దీ గుడ్లు పెద్దవవుతాయి, తల్లి పాలిపోయి చిక్కిపోతుంది.

ఒక జాగ్రత్త. నెట్‌లో బాగా తిరిగే "తొమ్మిది మెదళ్లు" మాటని బొమ్మలోకి ఎక్కించకండి. సుమారు 50 కోట్ల నాడీకణాల్లో మూడింట రెండు వంతులు చేతుల్లో ఉంటాయన్నది నిజం. చేతులకి కొంత స్వతంత్రంగా పనిచేసే శక్తి ఉందన్నదీ నిజమే. అంతమాత్రాన ఒక్కో చేతిలో ఒక్కో మెదడు బొమ్మ పెడితే అబద్ధమవుతుంది. చేతి మధ్యలో పొడవునా సాగే నాడీ తాడుని గీయండి, నిజమూ చెప్పినట్టవుతుంది, చూడ్డానికీ బాగుంటుంది.

మొదటి బొమ్మకి స్క్విడ్ తెచ్చుకోండి

ఆక్టోపస్ మీద ఎంత మోజున్నా చేయి స్క్విడ్‌తోనే తిప్పుకోవాలి. ఆకారం సరళం, కదలదు, డబ్బు పెట్టి కొనుక్కోవచ్చు. విశాఖ, కాకినాడ లాంటి రేవుల్లో దొరుకుతుంది, హైదరాబాద్‌లో చల్లదనంలో ఉంచిన సముద్రపు చేపలమ్మే దుకాణాల్లో అడగండి. మన రెండు తీరాల్లోనూ విరివిగా పడేది ఇండియన్ స్క్విడ్, శాస్త్రనామం యూరోట్యూథిస్ దువాసెలీ. శుభ్రం చేసి రింగులు కోసినది వద్దు; చర్మం, తల, చేతులు చెక్కుచెదరకుండా ఉన్నది కావాలి. ప్రావారం 12 సెంటీమీటర్లున్నది ఎంచుకుంటే ఎ4 కాగితం మీద ఉన్నది ఉన్నంత సైజులో పడుతుంది. చర్మం మీద గోధుమ రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తే తాజాది. చుక్కలన్నీ అలికినట్టు గులాబీ రంగులోకి దిగిపోతే పాతబడింది. చర్మం గీయడానికి పనికిరాదు.

కావలసినవి: 150 జీఎస్ఎం లేదా అంతకంటే మందమైన కార్ట్రిడ్జ్ కాగితం, 2హెచ్, హెచ్‌బీ పెన్సిళ్లు, నీటికి చెదరని 0.2, 0.3, 0.5 మి.మీ. పెన్నులు, మెత్తటి రబ్బరు, స్కేలు, నల్లటి ట్రే, థర్మాకోల్ ముక్క, గుండుసూదులు, చిన్న కత్తెర, పట్టకారు, భూతద్దం. నలుపు ట్రే ఎందుకంటే స్క్విడ్‌లో సగం భాగాలు పారదర్శకం; తెల్ల పళ్లెంలో అవి కంటికి ఆనవు.

ట్రేలో నీళ్లు పోసేటప్పుడు లీటరుకి 35 గ్రాముల ఉప్పు, అంటే దాదాపు రెండు టేబుల్‌స్పూన్లు కలపండి. కుళాయి నీళ్లు ఉత్తగా పోస్తే కణాల్లోకి నీరు ఎక్కి చర్మం పాలలా తెల్లబడుతుంది, చూషకాలు (చేతుల మీది పీల్చే గిన్నెలు) ఉబ్బి అంచు పోతుంది. పక్కన గిన్నెలో ఐసు ఉంచుకుని అరగంటకోసారి నీళ్లు మార్చండి. ఎండాకాలం ఫ్యాన్ కింద గంట దాటితే వాసనతో పాటు ఆకారమూ జారిపోతుంది.

ఇక గీయడం.

ముందు కొలవండి. ప్రావారం పొడవే మీ మూలకొలత, మిగతావన్నీ దానికి ఎన్నో వంతో రాసుకోండి: వెడల్పు, రెక్క పొడవు, తల, ఒక్కో చేయి. ఈ జాతిలో వెనక ఉండే రెక్కలు రెండూ కలిసి డైమండ్ ఆకారంలో, ప్రావారంలో సగం కంటే కాస్త ఎక్కువ పొడవు ఆక్రమిస్తాయి. కంటిచూపుతో వేసేవాళ్లు వాటిని తోకకొసన చిన్న బాణంలా కుదించేస్తారు. అలా వేస్తే అది వేరే కుటుంబపు స్క్విడ్ అయిపోతుంది.

కాగితం మీద నిలువుగా మధ్యరేఖ గీయండి. శాస్త్రచిత్రాల్లో ప్రావారం కొన పైకి, చేతులు కిందికి పెట్టడం ఆనవాయితీ. బతికున్నప్పుడు అది అడ్డంగానే ఈదుతుంది కాబట్టి, పిల్లల కోసం వేసే బొమ్మ అయితే అడ్డంగానే వేయండి. పక్కపక్కన రెండు బొమ్మలు వేస్తే మంచిది, ఒకటి వీపువైపు, ఒకటి పొట్టవైపు. ఈ రెంటికీ తేడా ప్రావారం ముందంచులో దొరుకుతుంది. వీపువైపు ఆ అంచు మధ్యలో కొనదేలి తల మీదికి చొచ్చుకొస్తుంది. పొట్టవైపు అదే అంచు లోపలికి వంగి, ఆ వంపులోంచి నీటి గొట్టం బయటికి వస్తుంది. తిన్నగా అడ్డగీత గీసేస్తే సీసా మూతలా ఉంటుంది, ఏ వైపు చూస్తున్నామో తెలియదు.

చేతులు ఎనిమిది, వేటని అందుకునే పొడవాటి స్పర్శకాలు రెండు. చేతుల్ని వీపువైపు నుంచి పొట్టవైపుకి ఒకటి, రెండు, మూడు, నాలుగు జతలుగా లెక్కపెట్టండి. స్పర్శకాలు మూడో జతకీ నాలుగో జతకీ మధ్యలోంచి వస్తాయి. బొమ్మలో వాటిని ఎక్కడినుంచో బయల్దేరించడం మామూలు పొరపాటు. ఇంకో ముఖ్యమైన తేడా: చేతుల మీద చూషకాలు మొదట్నుంచి చివరిదాకా ఉంటాయి, స్పర్శకాల మీద కొసన వెడల్పైన గదలాంటి చోట మాత్రమే ఉంటాయి, కాడ నున్నగా ఉంటుంది. స్క్విడ్‌కి బదులు దాని చుట్టమైన కటిల్ ఫిష్ తెచ్చుకుని ఎనిమిదే ఉన్నాయేంటి అని కంగారు పడకండి. అది స్పర్శకాల్ని పూర్తిగా సంచుల్లోకి లాగేసుకుంటుంది. మూడు, నాలుగు చేతుల మధ్య పట్టకారు పెట్టి మెల్లగా లాగితే బయటికొస్తాయి.

ఇప్పుడు ఒక చూషకాన్ని భూతద్దంలో చూడండి, లేదా ఫోన్ కెమెరా ముందు భూతద్దం పెట్టి ఫొటో తీయండి. చిన్న కాడ మీద గిన్నె, గిన్నె అంచున గట్టి వలయం, ఆ వలయానికి పళ్లు. ఆక్టోపస్ చూషకానికి ఈ కాడా లేదు, పళ్లూ లేవు. అది చేతికి నేరుగా అతుక్కున్న మెత్తటి కండర గిన్నె. రెండూ పక్కపక్కన ఒక్కొక్కటి 5 సెంటీమీటర్ల సైజులో వేసి పెడితే దానికదే ఒక పోస్టు. ఆక్టోపస్ పట్టుకున్న పీతని పదే పదే సవరించి పట్టుకోగలదు. స్క్విడ్ జారిపోయే చేపని ఒక్క దెబ్బతో పట్టాలి, దాని పళ్ల పని అది. చేతుల్లో పొట్టవైపు ఎడమ చేతిని కూడా ఇదే అద్దంతో చూడండి. కొసవైపు చూషకాలకి బదులు సన్నని బుడిపెలు వరుసగా ఉంటే అది పెద్దయిన మగది. వీర్యపు పొట్లాల్ని ఆడదానికి అందించేది ఆ చేయే.

కన్ను దగ్గర ఆగి చూడాలి. ఈ కుటుంబపు స్క్విడ్లకి కంటి మీద పారదర్శకమైన చర్మపు పొర ఉంటుంది. బహిరంగ సముద్రంలో తిరిగే జెయింట్ స్క్విడ్ లాంటివాటికి అది ఉండదు, కంటి కటకం నేరుగా నీటిని తాకుతుంది. మార్కెట్ స్క్విడ్ కంటిని చూసి జెయింట్ స్క్విడ్ కన్ను వేస్తే తప్పే. చచ్చిన స్క్విడ్ కన్ను మసకబారి ఉంటుంది, కంటిపాప ఆకారానికి మాత్రం బతికున్నదాని వీడియో చూడాలి.

లోపలి బొమ్మ కావాలంటే పొట్టవైపు మధ్యగీత వెంట కత్తెరతో కోయండి. కత్తెర మొన ఎప్పుడూ పైకి, ప్రావారపు గోడకి ఆనించి ఉండాలి. లోపలికి పొడిస్తే మధ్యలోనే ఉన్న వెండి మెరుపు సిరా సంచి చిట్లుతుంది, ఆపైన మీకు కనిపించేది నలుపొక్కటే. గోడల్ని రెండువైపులా పరిచి సూదులతో గుచ్చండి. ఈకల్లాంటి రెండు మొప్పలు, ఒక్కో మొప్ప మొదట్లో లేత రంగు చిన్న గుండె, వాటి నడుమ మూడో గుండె. పెద్దయిన ఆడదైతే రెండు తెల్లటి గ్రంథులు వీటన్నిటినీ కప్పేసి ఉంటాయి. గుడ్ల మీద జిగురు పొర వేసేవి అవి. పక్కకి తప్పిస్తే గుండెలు కనబడతాయి. వెనక గోడ లోపలివైపు, మెడకి దగ్గరగా, రెండు పక్కలా నక్షత్రంలా తీగలు చిమ్ముతున్న తెల్లటి ముడులు కనిపిస్తాయి. వాటిని తప్పకుండా గీయండి. ఆ ముడుల్లోంచి వచ్చే నాడీతంతువులు కొన్ని ఎంత లావంటే, లోపల ఎలక్ట్రోడ్ దూర్చి కొలవొచ్చు. అలా కొలిచే శాస్త్రవేత్తలు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ నాడీ సంకేతం ఎలా పరుగెడుతుందో 1952లో లెక్కగట్టారు, 1963లో నోబెల్ అందుకున్నారు. చేపల దుకాణంలో కొన్న జంతువు మీద ఈ మాట రాస్తే ఇంటర్ బైపీసీ పిల్లలు లేచి కూర్చుంటారు.

వీపువైపు కొనదేలిన అంచు దగ్గర పట్టకారుతో లాగితే పారదర్శకమైన ఈకలాంటి లోపలి పెంకు ఊడివస్తుంది. దాన్ని నల్ల కాగితం మీద పెట్టి తెల్ల జెల్ పెన్నుతో గీయండి. ముక్కు కూడా తీయండి. చేతుల మధ్య గుండ్రటి కండ ముద్దని నొక్కితే నల్లటి రెండు దవడలు వస్తాయి. చిలక ముక్కులా ఉంటుందని అందరూ రాస్తారు, కానీ చిలకకి పైముక్కు కిందిదాని మీద కప్పుకుంటుంది, స్క్విడ్‌కీ ఆక్టోపస్‌కీ కింది దవడే పైదాని మీదికి వస్తుంది. బొమ్మలో తలకిందులు కాకుండా చూసుకోండి.

ఆక్టోపస్: వీడియో చూసి గీయాలి

చచ్చిన ఆక్టోపస్ తడిగుడ్డ కుప్పలా పడి ఉంటుంది, దాని నుంచి భంగిమ రాదు. మాంటెరే బే అక్వేరియం పరిశోధన సంస్థ, అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా, ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే వీడియోలు తీసుకోండి. వేగం పావు వంతుకి తగ్గించి, ఆపుతూ ఒక్కో భంగిమని 30 సెకన్లలో గీయండి. ఒక కాగితం నిండా ఇలాంటివి ఇరవై దాకా వచ్చాక అసలు బొమ్మకి వెళ్లండి. ఒకరి ఫొటోని యథాతథంగా నకలు తీస్తే దాని హక్కు వాళ్లదే. రెండు మూడు వీడియోలు చూసి మీ భంగిమ మీరు కట్టుకుంటే ఆ గొడవ ఉండదు.

కట్టే క్రమం ఇలా. ముందు చేతులు పుట్టే చోట ఒక వలయం గీయండి. ముందునుంచి వెనక్కి కుడివైపు నాలుగు, ఎడమవైపు నాలుగు గుర్తులు పెట్టి పెన్సిల్‌తో అంకెలు వేయండి. ఆ వలయం మీద తల, తలకి రెండు పక్కలా కాస్త ఉబ్బెత్తుగా కళ్లు, ఆపైన ప్రావారపు సంచి. ఒక్కో అంకె నుంచి ఒక్కో చేతికి మధ్యరేఖ లాగండి, వేరే చేయి వెనక దాగినచోట చుక్కల గీతగా కొనసాగించండి. ఇలా చేయకపోతే ఏడు చేతులో తొమ్మిదో వచ్చి తీరతాయి, చూసేవాళ్లు మొదట లెక్కపెట్టేది అవే. చాలా జాతుల్లో చేయి ప్రావారం కంటే మూడు నాలుగు రెట్లు పొడవు. కురచగా వేస్తే అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలా కనబడుతుంది.

మధ్యరేఖకి రెండువైపులా మందం ఇవ్వండి, మొదట్లో లావు, కొసకి దారమంత సన్నం. చేతిలో ఎముక లేదు, అంతా కండరమే; దాని ఘనపరిమాణం మారదు. అందుకని చాచిన చేయి సన్నబడాలి, ముడిచిన చేయి లావెక్కాలి. ఎనిమిదీ ఒకే పొడవు, ఒకే లావు వేసిన బొమ్మ రబ్బరు బొమ్మలా ఉండటానికి కారణం ఇదే. చేతుల మొదళ్ల మధ్య చర్మపు పొర గీయడం మరిచిపోకండి. అది లేకపోతే చేతులు సేమ్యా పోగుల్లా విడివిడిగా వేలాడతాయి. వేటలో ఆక్టోపస్ రాతిని ఆ పొరతో గొడుగులా కప్పేసి కింద ఉన్నవాటిని వెతుక్కుంటుంది.

చూషకాలు నోటివైపు ముఖం మీదే. పైవైపు చర్మం మీద చుక్కలు పెడితే తప్పు. సాధారణంగా రెండు వరుసలు, ఒకదాని సందులో ఇంకోటి వచ్చేలా. నోటి పక్కన చిన్నవిగా మొదలై, కొంత దూరం పెద్దవవుతూ పోయి, తర్వాత కొసదాకా తగ్గుతాయి. చేయి మెలితిరిగిన చోట గుండ్రాలు కోడిగుడ్డు ఆకారాలవుతాయి, అంచుకి చేరేసరికి పక్కనుంచి కనిపించే చిన్న బుడిపెలవుతాయి. అన్నిటినీ పూర్తి గుండ్రాలుగానే వేస్తే చేయి బల్లపరుపుగా మారిపోతుంది. మగ ఆక్టోపస్ వేస్తుంటే చాలా జాతుల్లో కుడివైపు మూడో చేయి కొసన చూషకాలుండవు, చిన్న గరిటెలాంటి భాగం ఉంటుంది. ఇలా తెగి ఆడ జంతువు ఒంట్లో మిగిలిన చేతిని చూసి 1829లో పేరుమోసిన ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త క్యువియే అంతటివాడు పరాన్నజీవి పురుగనుకుని పేరు పెట్టాడు. ఇప్పటికీ ఆ చేతిని ఆ పేరుతోనే, హెక్టోకోటైలస్ అనే పిలుస్తున్నారు.

కంటిపాప అడ్డంగా సన్నటి పట్టీ. గుండ్రటి పాప వేస్తే బొమ్మ మనిషి మొహంలా ముద్దుగా ఉంటుంది, కానీ అది ఆక్టోపస్ కాదు. ఒళ్లు ఎటు వాలినా పాప మాత్రం నేలకి సమాంతరంగానే నిలబడుతుంది. లోపలున్న తూకపు అవయవం కంటిని తిప్పుతూ ఉంటుంది. రాతి గోడ మీద నిలువుగా పాకుతున్న ఆక్టోపస్‌ని వేసి, పాపని మాత్రం అడ్డంగా ఉంచండి. ఒక్క బొమ్మలో ఒక్క విషయం ఎలా చెప్పాలో దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు. నీటి గొట్టాన్ని తల పక్కన వేయండి, కుడికైనా ఎడమకైనా తిరుగుతుంది.

చర్మం, రంగు

రంగు మారడాన్ని చెప్పాలంటే ఒకే రూపురేఖని రెండుసార్లు వేయాలి. మొదటిదాన్ని కిటికీ అద్దానికి ఆనించి రెండో కాగితం మీద ఎత్తుకోండి. ఎడమదాంట్లో 0.2 పెన్నుతో చిన్న చిన్న చుక్కలు. కుడిదాంట్లో సరిగ్గా అవే చోట్ల, అన్నే చుక్కలు, కానీ ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్ల బిళ్లంత. ముదురు రంగు చూపించాలని కొత్త చుక్కలు చేర్చడం ఇక్కడ జరిగే తప్పు. ఆక్టోపస్ ఆ క్షణంలో రంగుసంచుల్ని కొత్తగా పుట్టించదు. సంచి చుట్టూ ఉన్న సన్నటి కండరాలు లాగితే అది పరుచుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది, అంతా ఒక సెకను లోపే. చుక్కలకి పసుపు, ఎరుపు, ముదురు గోధుమ మూడు రంగులు చాలు. ఆకుపచ్చ, నీలం మెరుపులు ఈ సంచులవి కావు, కింద పొరలో కాంతిని వెనక్కి తిప్పే కణాలవి. వాటికి పలచటి వాటర్‌కలర్ పూత ముందే వేసి ఆరాక చుక్కలు పెట్టండి. వరస తిరగేస్తే పెన్ను సిరా మీద రంగు నిలవక చెదురుతుంది.

బొమ్మ కింద "పరిసరాల రంగు చూసి అదే రంగు ఎంచుకుంటుంది" అని రాయకండి. ఆక్టోపస్ కంట్లో రంగు గుర్తించే పదార్థం ఒక్క రకమే ఉంది, మనలా మూడు లేవు. "పరిసరాల్లో కలిసిపోతుంది" అంటే సరిపోతుంది.

నీలి వలయాల ఆక్టోపస్ మీద అందరికీ మోజే. అరచేతిలో పట్టేంత చిన్నదని తెలిసేలా పక్కన స్కేలు తప్పక పెట్టండి. వలయాలు ఎప్పుడూ వెలుగుతూ ఉండవు, బెదిరినప్పుడే మెరుస్తాయి. ప్రశాంతంగా ఉన్నప్పుడు మాసిన పసుపు, గోధుమ రంగు. కాటులో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది, ప్రాణం తీయగలదు. కాబట్టి ఈ బొమ్మతో పాటు ఒక వాక్యం తప్పనిసరి: రాళ్ల గుంటల్లో కనిపించిన ఏ ఆక్టోపస్‌నీ చేత్తో పట్టకండి.

నీడల విషయం. వెలుతురు ఎడమ పైమూల నుంచి వస్తున్నట్టు వేయడం శాస్త్రచిత్రాల అలవాటు. నీడని గీతలతో కాక చుక్కలతో కట్టండి, పెన్ను నిటారుగా పట్టి. తొందరపడితే చుక్కలకి తోకలొస్తాయి, అచ్చులో మురికిలా కనబడతాయి. కావలసిన సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేసి తర్వాత తగ్గిస్తే చేతి వణుకు కనిపించదు. కానీ 0.1 పెన్ను గీతలు అలా తగ్గించినప్పుడు మాయమవుతాయి, అందుకే పై జాబితాలో ఆ పెన్ను లేదు.

లేబుళ్లు, ఫొటో

ఒక బొమ్మకి ఐదారు లేబుళ్లు మించకూడదు. లేబుల్ గీతలు సన్నగా, తిన్నగా, బాణం మొన లేకుండా, ఒకదాన్నొకటి దాటకుండా ఉండాలి. పేర్లన్నీ కుడివైపు ఒకే వరుసలో నిలబెట్టండి. పెద్దవాళ్లకి, పిల్లలకి ఒకే బొమ్మ వాడేటట్లయితే మామూలు మాట పెద్ద అక్షరాల్లో, పుస్తకం మాట దాని కింద చిన్నగా: ఒంటి సంచి (ప్రావారం), పీల్చే గిన్నెలు (చూషకాలు), నీటి గొట్టం (సైఫన్).

సైజు చెప్పడానికి "రెండు రెట్లు" అని రాయొద్దు. బొమ్మ ఫోన్‌లో చిన్నదయితే ఆ మాట అబద్ధమైపోతుంది. ఒక సెంటీమీటరు అని రాసిన చిన్న గీత పెడితే బొమ్మతో పాటు అదీ తగ్గుతుంది, ఎప్పటికీ నిజమే.

స్కాన్ చేస్తే పెన్సిల్ బొమ్మకి 300, పెన్ను బొమ్మకి 600 డీపీఐ. ఫోన్‌తో తీస్తే కిటికీ పక్క పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కెమెరా కాగితానికి సరిగ్గా పైన. పక్కనుంచి తీస్తే కొలిచి వేసిన నిష్పత్తులన్నీ వంకరపోతాయి. పోస్టుకి 1080 వెడల్పు, 1350 ఎత్తు పిక్సెళ్లు సరిపోతాయి. ఆ సైజులో అక్షరం ఎత్తు 32 పిక్సెళ్ల కంటే తగ్గితే వత్తులు కలిసిపోతాయి. తెలుగు టైపు చేశాక ఒకసారి పెద్దది చేసి చూడండి. బొమ్మల యాప్‌లు కొన్ని వత్తుల్ని విడగొట్టి పక్కన పడేస్తాయి. "వ్యవస్థ", "స్పర్శకం" సరిగ్గా వచ్చాయంటే మిగతావీ వస్తాయి. రాకపోతే చేత్తోనే రాయండి, చేతిరాత లేబుళ్లు ఇలాంటి బొమ్మలకి అందంగానే ఉంటాయి.

సిరా సంచి చిట్లకుండా బయటికి తీయగలిగితే ఆ సిరాతోనే బొమ్మ వేయొచ్చు. చిన్న స్క్విడ్‌లో కొద్దిగానే ఉంటుంది, కటిల్ ఫిష్‌లో ఎక్కువ. పింగాణీ గిన్నెలో పిండి, పలచటి గుడ్డలో వడగట్టి, ఒక వంతు సిరాకి మూడు వంతుల నీళ్లు, రెండు చుక్కల తుమ్మజిగురు కలపండి. బ్రష్‌తో గానీ ముంచే పాళీతో గానీ వాడాలి, ఫౌంటెన్ పెన్నులో పోస్తే పూడుకుపోతుంది. ఫ్రిజ్‌లో మూత గట్టిగా పెట్టి ఉంచి రెండు రోజుల్లో వాడేయండి, లేకపోతే ఇంట్లోవాళ్లే మిమ్మల్ని బయటికి పంపిస్తారు. అందులోని రంగు మెలనిన్, చాలా మొండిది. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్‌లో దొరికిన, దాదాపు 20 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లోని సిరాని తడిపి, శిలాజాలు సేకరించే ఎలిజబెత్ ఫిల్‌పాట్ 1833లో ఇక్తియోసార్ అనే అంతరించిన సముద్ర సరీసృపం పుర్రె బొమ్మ వేసింది.

తరగతిలో అయితే ముందేమీ చెప్పకుండా ఐదు నిమిషాల్లో తోచిన ఆక్టోపస్‌ని వేయమనండి, కాగితాలు తీసుకుని పక్కన పెట్టండి. తర్వాత చేతుల వలయం, ప్రావారం, కంటిపాప, నీటి గొట్టం బోర్డు మీద వరుసగా వేసి చూపించి, ఇరవై నిమిషాలిచ్చి మళ్లీ వేయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి తేడాలు పిల్లలచేతే చెప్పించండి. అక్టోబర్ 8ని ఆక్టోపస్‌లకి, 10ని స్క్విడ్‌లకి జరుపుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. చేతుల లెక్కతో కుదిరిన తేదీలు. బళ్లో గోడ మీద పెట్టడానికి ఆ వారం బాగుంటుంది.

పోస్టు చేసేముందు జాతి పేరుని సముద్ర జీవుల పేర్ల ఆన్‌లైన్ జాబితా వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీషీస్‌లో వెతికి చూడండి. పాత పుస్తకాల్లో ఇండియన్ స్క్విడ్ లోలిగో అన్న పేరుతో ఉంటుంది, ఇప్పుడు అది చెల్లదు. మన సముద్రపు జాతుల గురించి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రచురణలు ఉచితంగా దొరుకుతాయి, విశాఖలో దాని ప్రాంతీయ కేంద్రమూ ఉంది. ఏ జాతో తేల్చుకోలేకపోతే "ఒక రకం ఆక్టోపస్" అని రాసేయండి, ఊహించి శాస్త్రనామం పెట్టకండి. పెట్టాక ఎవరైనా తప్పు పట్టి, అది నిజంగా తప్పే అయితే, బొమ్మ దిద్ది, ఏది మార్చారో తేదీతో సహా కింద రాయండి. పాత బొమ్మ ఇప్పటికే వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది కాబట్టి, కొత్తదాని మూలన "సవరించినది" అన్న మాట బొమ్మలోనే ఉండాలి.